పేరు తప్పిన చోట: పాలగుమ్మి సాయినాథ్ వార్తారచనలో మాట విలువ

విదేశ విలేఖరి పనిలో రెండు శ్రమలున్నవి. తానెరుగని దేశమును తెలిసికొనుట మొదటిది. ఆ దేశము నెరుగని పాఠకునకు దానిని తెలియజెప్పుట రెండవది. మొదటిది కాళ్ళతోను చెవులతోను సాధ్యమగును. రెండవది భాషతో గాని సాధ్యము కాదు. అతడు ప్రతిదినము ఒక భాషలోని మాటను మరియొక భాషలోని మాటతో తూచుచుండును. తూనికలో పొరపాటు వచ్చినచో దాని ఫలితము అతనికి తగులదు. అతడు ఎవరిని గూర్చి వ్రాసెనో వారికి తగులును.

ఇట్టి విలేఖనము తెలుగువారికి క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమున బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని, జగన్నాథము మీదుగా గంజాం సీమలో ప్రవేశించి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. త్రోవ పొడుగునను తాను చూచినదెల్ల మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపెను. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ అట్లు పుట్టినది. పిమ్మట ఇరువదవ శతాబ్దమున కోటంరాజు పున్నయ్య కరాచీలో ‘సింధ్ అబ్జర్వర్’ పత్రికను నడపెను. ఆయన తమ్ముడు రామారావు 1938లో లక్నోలో వెలసిన ‘నేషనల్ హెరాల్డు’నకు మొదటి సంపాదకుడయ్యెను. పరాయి చోట, పరాయి భాషలో, అచటి ప్రజల సంగతి వ్రాయుట మనవారికి అలవడిన విద్యయే. ఈ వరుసలో నేటి కాలమున నిలిచిన పేరు పాలగుమ్మి సాయినాథ్.

సాయినాథ్ 1957లో మద్రాసున తెలుగు కుటుంబమున జన్మించిరి. బరంపురము వారికి ఆయన బంధుత్వము తెలిసినదే. ఈ పట్టణమున 1894 ఆగస్టు 10వ తేదీన జన్మించి, డబ్లిన్ నగరమున న్యాయశాస్త్రము చదివి, రైల్వే కార్మికులను సంఘటితపరచి, 1969లో రాష్ట్రపతి పదవి నధిష్ఠించిన వరాహగిరి వేంకటగిరికి ఆయన మనుమడు. అయినను తాతగారి కీర్తిని బట్టి మనుమని రచనను తూచుట విమర్శ కాదు. రచనను రచనగానే చూడవలెను.

ఆయన మద్రాసు లొయోలా కళాశాలలోను, పిదప ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునను చదివిరి. చరిత్ర ఆయన అభ్యసించిన శాస్త్రము. 1980లో యునైటెడ్ న్యూస్ ఆఫ్ ఇండియా సంస్థలో పాత్రికేయులుగా చేరిరి. తరువాత బొంబాయిలో ఆర్.కె. కరంజియా నడపిన ‘బ్లిట్జ్’ వారపత్రికలో విదేశ వ్యవహారముల సంపాదకులుగాను, ఉపసంపాదకులుగాను సుమారు పదేండ్లు పనిచేసిరి. విదేశ వార్తలు తూచుటకు అలవాటుపడిన ఆ కలము 1993లో దిక్కు మార్చుకొనెను. ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’ వారిచ్చిన ఫెలోషిప్పుతో ఆయన దేశములోని మిక్కిలి బీద జిల్లాలకు బయలుదేరిరి. బీహారు, మధ్యప్రదేశ్, ఒరిస్సా, తమిళనాడు, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో తిరిగి వ్రాసిన వార్తలలో ముఖ్యమైనవి 1996లో ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్’ అను గ్రంథముగా వెలువడినవి. మంచి కరువన్న అందరికిని ప్రీతియే యని ఆ పేరునకు భావము.

దీనిని చూచి కొందరు ఆయన విదేశ విషయములను విడిచి స్వదేశమునకు మరలిరని చెప్పుదురు. ఆ మాట పైకి నిజము. లోతున చూచిన, ఆయన విదేశ విలేఖరి పద్ధతిని విడువలేదు. దానిని ప్రయోగించు చోటును మాత్రము మార్చిరి. బొంబాయి పత్రికా కార్యాలయమునకు లండను దగ్గర, కోరాపుట్ దూరము. లండనులోని మాట తంతిపై వచ్చును. కోరాపుట్ కొండపై గదబ స్త్రీ చెప్పిన మాట బొంబాయికి చేరుటకు ఎన్ని చేతులు మారవలెనో లెక్కలేదు. గ్రామసేవకుడు వ్రాసినది, తహశీలుదారు సంగ్రహించినది, కలెక్టరు కచేరీలో పట్టికకెక్కినది, రాజధానిలో సగటుగా మారినది అచ్చున వచ్చును. ఇందు ప్రతి మెట్టునను ఒక అనువాదము జరుగుచున్నది. సాయినాథ్ రచనలోని ప్రధాన గుణము ఈ అనువాదమును వెనుకకు చదువుట. కాగితముపైని మాటను పట్టుకొని అది పుట్టిన ఊరివరకు నడచిపోవుట ఆయన పద్ధతి.

ఆ గ్రంథములో ఒరిస్సాకు సంబంధించిన భాగములు గంజాం వారికి మిక్కిలి సమీపమైనవి. కోరాపుట్ జిల్లా 1936 ఏప్రిల్ 1వ తేదీవరకు విశాఖపట్టణము ఏజెన్సీలోని జయపురము జమీ. గంజాం వలెనే ఆనాడే అదియు మద్రాసు రాజధానినుండి వేరై క్రొత్త రాష్ట్రమున చేరినది. అట్టి సీమనుండి మూడు వార్తలను పరిశీలించిన ఆయన పద్ధతి స్పష్టమగును.

మొదటిది నువాపడా ప్రాంతపు కథ. 1978లో ‘సమన్వితా’ అను పథకము అచట మొదలయ్యెను. బీదలకు మేలుజాతి పశువులిచ్చి, సంకర దూడలను పుట్టించి, పాడిని పెంచవలెనని దాని సంకల్పము. సంకరము చెడకుండుటకై ఆ ప్రాంతపు దేశవాళీ ఎద్దులనెల్ల విత్తులు కొట్టించిరి. మేతకై సుబాబుల్ చెట్లు నాటించిరి. రెండేండ్లు గడచి, రెండు కోట్ల రూపాయలు వ్యయమైన పిమ్మట, ఆ సీమయంతటను పుట్టిన సంకర దూడలు ఎనిమిది. సుబాబుల్ బ్రతుకలేదు. ఖరియార్ జాతి ఎద్దు మాత్రము ఆ ప్రాంతమున అంతరించెను. ఈ వృత్తాంతమును సాయినాథ్ తిట్లతో చెప్పలేదు. లెక్కలను ఒకదాని ప్రక్క నొకటి నిలిపి, ఊరివారి నోటిమాటను వాని నడుమ చేర్చిరి. సమన్వయము అను మంచి మాటకు ఆ ఊరిలో ఏమి అర్థము మిగిలెనో పాఠకుడే గ్రహించును.

రెండవది కోరాపుట్‌లోని చికాపార్ గ్రామము. గదబలు, పరోజాలు, డొంబులు నివసించు ఊరది. 1960ల చివర మిగ్ విమానముల కర్మాగారమునకై వారిని లేపివేసిరి. వారు మరియొక చోట తమ సొంత భూమిలో ఇండ్లు కట్టుకొని, ఆ క్రొత్త ఊరికిని చికాపార్ అనియే పేరు పెట్టుకొనిరి. 1987లో ఆ ఊరిని కూడ లేపివేసిరి. సాయినాథ్ చూచునాటికి మూడవసారి లేచిపొమ్మను తాఖీదు వచ్చియుండెను. ఇచట గమనింపదగినది ఊరిపేరు. భూమి పోయినను పేరును మోసికొనిపోయిన జనులు వారు. కాగితములలో వారి స్థితికి ‘నిర్వాసితులు’ అను ఒక్క మాట సరిపోయినది. అది ఒకసారి లేచినవానికిని మూడుసార్లు లేచినవానికిని సమానముగానే వర్తించును. ఆ మాట దాచిన భేదమును విలేఖరి బయటపెట్టెను.

మూడవది మల్కనగిరిలోని ధురువా జాతి వారి సంగతి. భాష నెరిగిన ప్రతివాడును చదువవలసినది ఇది. షెడ్యూల్డు తెగల జాబితాలో వారి పేరును ఆంగ్ల లిపిలో ఒక రీతిగా వ్రాసిరి; వారి కాగితములలో మరియొక రీతిగా పడినది. అక్షరములు కలియలేదు కనుక వారు ఆ తెగవారు కారని అధికారులు నిర్ణయించిరి. తెగవారు కానిచో చదువునకు, కొలువునకు, భూమికి గల రక్షణలు లేవు. నోటితో పలికినపుడు ఏ తేడాయు లేని పేరు, పరాయి లిపిలోనికి ఎక్కిన పిమ్మట రెండు జాతులైనది. బడిలో అక్షరదోషమునకు ఒక మార్కు తగ్గును. ఇచట ఒక జాతి బ్రదుకునకే ఎసరు వచ్చినది.

ఈ మూడు వార్తలలోను కరువు ఎక్కడ? వాన ఎక్కడ? కలహండి పేరు చెప్పగానే దేశమున ఎల్లరకును ఎండిన నేల గుర్తుకు వచ్చును. కాని ఆ జిల్లా సగటు వర్షపాతము 1,200 మిల్లీమీటర్లకు పైబడినదనియు, అచట పండిన వరి బయటికి ఎగుమతి యగుచున్నదనియు సాయినాథ్ చూపిరి. ‘అనావృష్టి’ యను మాట సైత మచట తప్పుడు అనువాదమే. భూమి ఎవరిది, అప్పు ఎవరిది, ధాన్యము ఎవరు కొనుచున్నారు అను ప్రశ్నలను ఆ ఒక్క మాట కప్పివేయుచున్నది. గ్రంథము పేరులోని ఎత్తిపొడుపు దీనినుండియే పుట్టినది. పత్రికలు దారిద్ర్యమును సంఘటనగా చూచుచున్నవి. దానిని ప్రక్రియగా చూడవలెనని ఆయన వాదము. సంఘటన ఒకనాటిది. ప్రక్రియ ఏండ్ల తరబడి సాగును, దానికి ఫొటో తీయుట కష్టము. ఈ విభేదము వార్తారచనకు ఆయన చేసిన సిద్ధాంతపరమైన చేర్పు.

ఇదే దృష్టి తెలుగుసీమలో ఆయన వ్రాసిన వార్తలలో మరింత గాఢమయ్యెను. అనంతపురము జిల్లాలో రైతులు ఆత్మహత్యలు చేసికొనుచున్న కాలమున, పోలీసు కాగితములలో పెక్కు మరణములకు ‘కడుపునొప్పి’ కారణముగా ఎక్కినది. పురుగుమందు త్రాగినవానికి కడుపునొప్పి వచ్చుట నిజమే! కాని ఆ నొప్పికి ముందు అప్పున్నది, అప్పునకు ముందు ఎండిన బోరుబావియు మొలకెత్తని విత్తనమును ఉన్నవి. కార్యమును కారణముగా వ్రాసిన ఆ ఒక్క పదమును సాయినాథ్ పట్టుకొనిరి. మహబూబునగరమునుండి బొంబాయికి వారమునకు ఒక్కటిగా నుండిన బస్సులు పదేండ్లలో ముప్పదికి పైగా పెరిగిన సంగతిని 2003లో వ్రాసినపుడును ఇదే పద్ధతి. రవాణా శాఖకు అది అభివృద్ధి. ఊరికి అది వలస.

2004 నుండి 2014 వరకు ఆయన ‘హిందూ’ పత్రికకు గ్రామీణ వ్యవహారముల సంపాదకులు. ఆ కాలమున మద్రాసు అభివృద్ధి అధ్యయన సంస్థకు చెందిన కె. నాగరాజ్ జాతీయ నేర నమోదుల సంస్థ లెక్కలను పరిశోధించుచుండగా, ఆ ఫలితములను సాయినాథ్ ప్రజలకు తెలియజెప్పిరి. 1995 నుండి 2010 వరకు ఆ లెక్కలలో చేరిన రైతు ఆత్మహత్యలే 2,56,913. అంతటితో ఆయన తృప్తి పడలేదు. రైతు అను మాటకు నిర్వచనమేమి అని ప్రశ్నించిరి. పట్టా పురుషుని పేర నున్నందున, ప్రొద్దస్తమానము పొలమున పనిచేసిన స్త్రీ మరణించినపుడు ఆమెను రైతుగా లెక్కింపరు. కౌలుదారుని గతియు తరచుగా అంతియే. కనుక ఆ పెద్ద అంకె కూడ చిన్నదే. ధురువాల పేరు, అనంతపురపు కడుపునొప్పి, ఆడురైతు లెక్క, ఈ మూడును ఒకే దోషమునకు మూడు రూపములు. వస్తువు నిలిచియుండగా పేరు తప్పిన చోట మనిషి మాయమగును.

శైలిని గూర్చి కొంత చెప్పవలెను. ఆయన ఆంగ్ల వాక్యము పొట్టిది, విశేషణములు తక్కువ. కరుణను పదములలో పోయరు, కొలతలలో చూపుదురు. గొడ్డా జిల్లాలో సైకిలుపై 250 కిలోల బొగ్గును వ్రేలాడగట్టి నలువది కిలోమీటర్లకు పైగా త్రోసికొనిపోవువానిని గూర్చి వ్రాసినపుడు, బరువు, దూరము, దినమునకు దక్కు కూలి, ఈ మూడింటిని చెప్పి ఊరకుందురు. 2006లో ముంబయిలో జరిగిన ఒక వస్త్రాలంకార ప్రదర్శనమునకు 512 మంది పాత్రికేయులు నమోదైరనియు, అదే కాలమున విదర్భలోని ప్రత్తి రైతుల మరణములను చూడవచ్చినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చుననియు ఆయన పలుమార్లు చెప్పిరి. ప్రదర్శనమున ధరించినదియు ప్రత్తి వస్త్రమే. ఇంతకు మించిన వ్యాఖ్య అక్కరలేదు.

గుణములతోపాటు కొరతలను గూడ చూడవలెను. ఆయన వ్యంగ్యము పదునైనది. కాని అది తరచుగా అధికారులపై ఒకే విధముగా పడును. తన ఉద్యోగమును నిజాయితీగా చేయు గుమాస్తా, ఉపాధ్యాయుడు, వైద్యుడు ఈ పుటలలో కనబడకపోరు. కాని ఎక్కువ సేపు నిలువరు. తప్పుడు మాట కాగితముపై ఎట్లు ఎక్కినదో ఆ వ్రాసినవాని చేతివైపునుండియు చూచియుండినచో ఆ వార్తలు మరింత నిండుదనము పొందియుండును. రెండవ కొరత పత్రికా వ్యాసపు స్వభావమునుండి వచ్చినది. మనుష్యులు రెండు పుటలలో వచ్చి, ఒక మాట చెప్పి, వెడలిపోవుదురు. తరువాత వారేమైరని పాఠకుని మనస్సు అడుగుచునే యుండును.

మూడవది అన్నిటికంటె పెద్దది, భాష. గదబవాడు గదబలోనో దేశియా ఒడియాలోనో చెప్పినది దుబాసీ నోట మారి, ఆంగ్లమున అచ్చగుచున్నది. ఎవరి పేరు తప్పినదని ఆయన వాదించెనో, వారు ఆ వాదమును చదువలేరు. దేశమును పాలించువారి భాషలో వ్రాసినందుననే ఆ వార్తలకు బలము వచ్చినదను సమాధానము కలదు. అది త్రోసిపుచ్చదగినది కాదు. కాని వీరాస్వామయ్య లేఖలతో పోల్చిన ఇచటి నష్టము తెలియును. ఆ లేఖలు తెలుగున పుట్టినవి. తెలుగు ఊళ్ళ సంగతిని తెలుగువాడు తెలుగువానికే చెప్పినాడు. సాయినాథ్ పుటలలో మనిషి బాధ నిలిచినది, అతని నుడికారము నిలువలేదు.

ఈ కొరతను ఆయన స్వయముగా ఎరిగినట్లే తరువాతి కృషి తెలుపుచున్నది. 2014 డిసెంబరులో ఆయన స్థాపించిన ‘పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా’ యందు వార్తలు తెలుగు, ఒడియా మొదలగు పలు భారతీయ భాషలలోనికి అనువదింపబడుచున్నవి. చేతిపనులు, పాటలు, మరుగగుచున్న భాషలు అచట వార్తావస్తువులైనవి. 2022లో వెలువడిన ‘ది లాస్ట్ హీరోస్’ గ్రంథమున ఆయన మరల నువాపడాకు వచ్చిరి. 1930లో సలిహా గ్రామమున తన తండ్రిపై కాల్పులు జరిపిన అధికారిని లాఠీతో ఎదిరించిన శబర బాలిక దేమతి దేయి సలిహాన్ కథ అందున్నది. ఆ ఊరిలో నిలిపిన స్మారక స్తంభముపై ఆమె పేరు లేదు. ఎద్దు కథతో ఆ సీమలో ఆరంభమైన విలేఖనము పాతికేండ్ల పిమ్మట అదే సీమలో ఒక స్త్రీ పేరును వెదకుచు వచ్చినది.

ఆసియాఖండమున ఈ కృషికి గౌరవము లభించినది. 2007లో రామన్ మెగసెసే పురస్కారమును, 2021లో జపానులోని ఫుకువోకా మహాపురస్కారమును ఆయన అందుకొనిరి. 2009లో పద్మభూషణమును మాత్రము వలదనిరి. తాను ఎవరి పనిని విమర్శింపవలెనో ఆ ప్రభుత్వమునుండి పాత్రికేయుడు బిరుదు పుచ్చుకొనరాదని ఆయన నియమము.

ఈ విలేఖనమును బరంపురమునందలి తెలుగువారు ఎందులకు చదువవలెను? గిరిగారి మనుమడు వ్రాసినందులకు మాత్రము కాదు. పేరు, లెక్క, భాష అను మూడింటిచే తమ గతి నిర్ణయింపబడుట ఈ జిల్లావారు అనుభవించినదే. 1931 జనగణనమున ఏ ఇంట మాతృభాష ఏదని వ్రాసిరో అను ప్రశ్న ఓడొన్నెల్ సరిహద్దు సంఘము నాటి వాదములలో ఎంతటి పాత్ర వహించెనో పెద్దలు చెప్పగా ఎల్లరు విన్నదే. 2020లో కరోనా దిగ్బంధమున సూరతు మగ్గములనుండి గంజాం కార్మికులు ఇంటిదారి పట్టినపుడు గాని, ఇంతమంది అచట నున్నారని దేశమునకు తెలియలేదు. ఆ నడక సంఘటన; దానికి ముందు దశాబ్దముల వలస ప్రక్రియ. సంఘటననే పత్రికలు వ్రాసినవి.

అట్లే మన సముద్రతీరము. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినపుడు ప్రపంచపు విలేఖరులెల్ల ఈ వైపు చూచిరి. గాలి వేగమును కొలచి వెడలిపోయిరి. పోడంపేటలో ఇండ్లను సముద్రము కొంచెము కొంచెముగా తినివేయుట గాలివాన కాదు కనుక అంతగా వార్త కాలేదు. ఆ తీరమున వేట చేయు తెలుగువారు తమను వాడబలిజలనియు జాలారులనియు చెప్పుకొందురు. చుట్టుప్రక్కలవారు వారినెల్ల ‘నోలియా’ అను ఒక్క మాటతో పిలుతురు. వారి పిల్లలు ఇంట తెలుగు పలికి బడిలో మరియొక లిపి దిద్దుకొందురు. ఏ పేరు ఏ కాగితముపై ఏ లిపిలో ఎక్కుచున్నదో, దానివలన ఎవరికేమి దక్కుచున్నదో, తప్పిపోవుచున్నదో, వెంబడించి వ్రాయవలసిన పని అచట మిగిలియున్నది. దానికి ఢిల్లీనుండి విలేఖరి రానక్కరలేదు. తెలుగు, ఒడియా రెండును చదువగలిగి, ఒక సంచియు ఒక నోటుపుస్తకమును పట్టుకొని గోపాలపురమువరకు నడచిపోగల యువకుడు గాని యువతి గాని చాలును.